రాని వాసనకు ఎత్తిన చెయ్యి

నాకు ముక్కు మీదే కోపం ఉంటుందని మా అత్తయ్య ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెబుతుంది. ఉంటే ఉంది. మా ఇంటికొచ్చే జీతాల్లో సగం కూడా ఆ ముక్కు మీదే ఆధారపడి ఉండేది. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పదు.

మాది గొట్టాల గ్యాసు కంపెనీ. భూమిలో వేసిన గొట్టాల గుండా ఇంటింటి పొయ్యికీ గ్యాసు పోతుంది. అసలు గ్యాసుకు వాసనే ఉండదని చాలామందికి తెలియదు. కుళ్ళిన గుడ్డులాంటి ఆ కంపు మేం కలిపేది. లీకైతే మనుషులు ముక్కు మూసుకుని బయటికి పరుగెత్తాలని కలుపుతాం. ఎంత కలిపితే సరిపోతుందో తేల్చడానికి మనిషి ముక్కే కావాలి. మంగళవారం మంగళవారం పొద్దున్నే వాసన గదిలో ఆ పరీక్షకు కూర్చునేదాన్ని నేను. పద్నాలుగేళ్ళు కూర్చున్నాను. అందుకే కంపెనీలో నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. 'ముక్కు వచ్చిందా, ముక్కు సంతకం పెట్టిందా' అనేవాళ్ళు.

పరీక్ష పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. గోడకి ఒక పెట్టె, దానికో గరాటు, పక్కన గుండ్రటి మర. మర తిప్పేది పొడుం బాబాయ్. ముప్ఫై ఏళ్ళుగా నశ్యం పీల్చి పీల్చి ఆయన ముక్కు మొద్దుబారిపోయింది. ఆ గదిలో ఆయన్ని పెట్టిందే అందుకు, ఆయన మొహం చూసి ఎవరూ ఏమీ కనిపెట్టలేరని. నేను గోడవైపు తిరిగి గరాటులో ముక్కు పెట్టాలి. ఆయన ఒక్కో గీతా తిప్పుతుంటే గాలిలో గ్యాసు కొద్దికొద్దిగా పెరుగుతుంది. వాసన తగలగానే చెయ్యెత్తాలి. ఏ గీత దగ్గర ఎత్తానో ఆయన పుస్తకంలో రాస్తాడు, కింద నేను సంతకం పెడతాను. మామూలుగా ఐదు, లేకపోతే ఆరు. పది దాటినా చెయ్యి లేవలేదంటే కంపు చాలనట్టు. యాభై దాటితే ఇక వాసనతో పనిలేదు, ఒక్క అగ్గిపుల్ల చాలు.

గీత మారినప్పుడల్లా మర 'టక్' మంటుంది. ఆ టక్కుల్ని ఎవరూ లెక్కపెట్టరన్న నమ్మకం మీదే ఇన్నేళ్ళూ ఆ పరీక్ష నడిచింది.

ఆ ఏడు చలి తొందరగా వచ్చింది. చలికన్నా ముందు పెట్టుబడి ఫండు వాళ్ళొచ్చారు. మా కంపెనీలో వందకి తొమ్మిది వాటాలు కొని, బోర్డులో రెండు కుర్చీలు సంపాదించి, నలభై పేజీల ఉత్తరం రాశారు. కంపెనీకి ఒళ్ళు బరువెక్కిందట, తగ్గాలట. మొదటి కోత వాసన గదికే పడింది. అంతకుముందు నాతోపాటు ఇంకో అమ్మాయి కూడా విడిగా వాసన చూసి అంకె వేసేది. పని నేర్పింది నేనే. రెండో ముక్కు అనేవాళ్ళం. ఒకే వాసనకి రెండు ముక్కులెందుకని ఆ అమ్మాయిని ఇంటికి పంపించేశారు.

రెండో కోత ఫోన్ల గదికి. మా ఆయన అక్కడే. ఎక్కడైనా వాసన వస్తే జనం ఫోను చేసే నంబరు దగ్గర కూర్చుంటాడు. అడగాల్సిన ప్రశ్నలు అట్ట మీద రాసి ఉంటాయి. మీకు వాసన ఎప్పటినుంచి వస్తోంది, ఇంట్లో ఎవరెవరున్నారు, అందరూ బయటికొచ్చారా. నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతాడు. ఆ నంబరుకి వచ్చిన ప్రతి ఫోనూ రికార్డవుతుంది, ఆ రోజే ఒక నకలు ప్రభుత్వ తనిఖీ ఆఫీసుకి పోతుంది. దాన్ని కొట్టేసే హక్కు ఎండీ గారికి కూడా లేదు. పన్నెండుమంది ఉండే ఆ గదిలో ఐదుగురు మిగిలారు. చలికాలం పోయాక ఇంకో జాబితా ఉందన్నారు.

మా ఆయన మామూలుగా నోట్లో నాలుక లేని మనిషి. అలాంటివాడు భోజనాల గదిలో బల్లెక్కి నిలబడ్డాడు.

"ముక్కూ మొహం తెలియనివాళ్ళు మన బరువు తూస్తున్నారు. ఒక్కడైనా ఒక్క గుంటలో దిగాడా? వాళ్ళ సంగతి సరే, మన ఎండీ గారేమయ్యాడు? ఇంజనీరుగా ఉన్న రోజుల్లో మనతో మోకాలు లోతు బురదలో నిలబడ్డ మనిషి. ఇవాళ వాళ్ళు తుమ్మితే ఈయన రుమాలు పట్టుకుని పరుగెడుతున్నాడు."

గది గదంతా బల్లలు చరిచింది. అందరం సంతకాలు పెట్టి బోర్డు మీటింగులో ఇవ్వాలని ఒక మహజరు రాయడం మొదలెట్టారు. అందులో పెద్ద అక్షరాలతో ఒక మాట రాశాడు మా ఆయన. 'మనిషి ముక్కుకి బదులు లేదు.' రాసి నావైపు చూసి నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు గర్వంగానే అనిపించింది, అబద్ధమెందుకు.

ఆ తరవాతి వారం జ్వరమొచ్చింది. నాలుగు రోజులు పడుకుని లేచాను. లేచాక టీకి వాసన లేదు, సబ్బుకి లేదు, మా అమ్మాయి బడినించి వచ్చి విప్పిన మేజోళ్ళకీ లేదు. జలుబు కదా, అదే పోతుందిలే అనుకుని మంగళవారం గరాటులో ముక్కు పెట్టాను.

టక్. ఏమీ లేదు. మూడు, నాలుగు. చల్లటి గాలి తప్ప ఏమీ రాలేదు. ఐదు. ఈ చెయ్యి లేవకపోతే ముక్కు పోయిందంటారు. ముక్కు పోయిన ముక్కుని ఎవరుంచుకుంటారు? ఇంట్లో రెండో జీతమూ జాబితాకి ఎదురుచూస్తోంది. ఆరో టక్కు వినబడింది. చెయ్యెత్తాను.

"ఆరు," అన్నాడు బాబాయ్. "జలుబు చేసినా నీ ముక్కు నీదేనమ్మాయ్."

సంతకం పెట్టాను. ఒక్క వారమే కదా అనుకున్నాను. మళ్ళీ మంగళవారమూ ఆరే. ఆ పై మంగళవారమూ.

మూడో సంతకం ఆరిందో లేదో, ఎండీ గారు ఫండు మనిషిని వెంటబెట్టుకుని వాసన గదికి వచ్చారు. రాక్షసుడెవరో వస్తాడనుకున్నాను. ముప్ఫై ఏళ్ళు దాటని మనిషి, చలికి చెవులు ఎర్రబడ్డాయి, తలుపు దగ్గర బూట్లు తుడుచుకుని మరీ లోపలికొచ్చాడు. పుస్తకం తిరగేశాడు.

"మా ముక్కు పద్నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదండీ," అన్నారు ఎండీ గారు.

"చాలా బావుంది. ఆరు దగ్గరే తెలిసిపోతోంది. పదిదాకా ఫర్వాలేదని చట్టమే అంటోంది. అంటే మనం అవసరానికి మించి కలుపుతున్నామన్నమాట. కంపు ఎక్కువైతే ఉత్తపుణ్యానికి వచ్చే ఫోన్లు కూడా ఎక్కువే కదా మేడమ్?"

"ఉత్త ఫోనో కాదో వెళ్ళి చూస్తేగానీ తెలియదండీ," అన్నాను.

"నిజమే," అని నవ్వాడు. "వెళ్ళి చూడ్డానికే కదా బళ్ళూ మనుషులూ. ఖర్చంతా అక్కడే."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ గరాటు పీకి అతని చేతిలో పెట్టి, మీరే చూడండి బాబూ అనాలనిపించింది. చెప్పాల్సింది ఒక్క మాట. ఆ ఆరు నా ముక్కుది కాదండీ, చెవిది అని. అతను చూసిన పుస్తకం మూసి పక్కన పెట్టాను. ఎండీ గారు నా భుజం తట్టి వెళ్ళిపోయారు. నేలమీద ఆ మనిషి బూట్ల తడి కూడా లేదు, అంత శుభ్రంగా తుడుచుకున్నాడు.

తరవాత రెండు వారాలకి, టీ తాగుతూ మా ఆయన అన్నాడు. "ఇవాళ పదకొండు ఫోన్లే. పోయిన చలికాలంలో రోజుకి నలభై వచ్చేవి. గొట్టాలు అంత బాగా చూసుకుంటున్నామని పైవాళ్ళు కాగితం అంటించారు. సగంమంది మనుషుల్ని తీసేశాక గొట్టాలు బాగుపడ్డాయట."

"చలికి అందరూ తలుపులు బిగించుకుంటున్నారేమోరా," అంది అత్తయ్య.

"బిగించుకుంటే ఇంకా బాగా తెలియాలమ్మా." నావైపు తిరిగాడు. "కంపు తగ్గించేశారేమోనని అనుమానమొచ్చి మీ పుస్తకం చూశాను. ఆరే ఉంది. నువ్వు సంతకం పెట్టాక ఇంక నేనెవరితో పోట్లాడతాను?"

లేచి వెళ్ళి గ్లాసు కడిగాను. కడిగిందే కడిగాను. నా అంకె వల్ల ఒకవైపు వాళ్ళు కంపు తగ్గిస్తున్నారు, రెండోవైపు మావాళ్ళు నోరు మూసుకుంటున్నారు. అప్పటికైనా చెప్పొచ్చు. చెప్పలేదు. తెలివి ఒకటి తోచింది. మరుసటి మంగళవారం తొమ్మిదో టక్కు దాకా ఆగి చెయ్యెత్తాను. అంకె పెరిగితే కంపు పెంచుతారు, గుట్టూ దాగుతుంది అనుకున్నాను.

సాయంత్రానికి ఎండీ గారు తనే ఫోన్ చేశారు. "ఏమ్మా, ఒంట్లో బాగుందా? తొమ్మిదేమిటి? పోనీ పై ఊరినించి ఇంకో మనిషిని తెప్పించి ఇద్దరిచేతా చూపించమంటావా?"

"జలుబండీ. వచ్చేవారానికి సర్దుకుంటుంది," అన్నాను.

వచ్చేవారం మళ్ళీ ఆరు.

అప్పట్నించి నాకు నిద్రలోనూ మెలకువలోనూ ఒకటే పని. ఉల్లిపాయ కోసి ముక్కు దగ్గర పెట్టుకునేదాన్ని. సబ్బు రేకులు, చెప్పుల పాలిష్, బాబాయ్ నశ్యం కూడా. నశ్యానికి తుమ్ములొచ్చాయి గానీ వాసన రాలేదు. పరీక్ష లేని వేళల్లో నా పని వీధుల్లో లీకులు వెతకడం; గ్యాసు కొలిచే యంత్రం పట్టుకుని దాని ముల్లు వంకే చూస్తూ నడిచేదాన్ని, తల పైకెత్తితే మూసిన కిటికీలు కనిపిస్తాయని. ప్రతి కిటికీ వెనకా ఒక పొయ్యి ఉంది. ఇంట్లో పొయ్యి మీట మూసి ఉందో లేదో పదిసార్లు చూసేదాన్ని. "పట్టుకుని ఊగుతావేమే, మీట ఊడొస్తుంది," అనేది అత్తయ్య.

తొమ్మిదో మంగళవారం అది. ఆరు వేసి సంతకం పెట్టి, వీధులు తిరిగి, నాలుగింటికి ఇంటికొచ్చాను. మా గ్యాసు మీటరు గుమ్మం పక్కనే ఉంటుంది. పని అలవాటు, ఎవరింటికి వెళ్ళినా ముందు మీటరు వంక చూస్తాను. చక్రం తిరుగుతోంది. ఏదో పొయ్యి మీద పెట్టుంటారు అనుకుని తలుపు తీశాను. వంటగది గుమ్మంలోంచి పొయ్యి కనబడింది. మంట లేదు.

పాలు పొంగి పొయ్యంతా తెల్లగా కట్టి ఉంది. మా అమ్మాయి ఆ పక్కనే బల్ల దగ్గర కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. అత్తయ్య పొయ్యి ముందు నిలబడి పెట్టెలోంచి అగ్గిపుల్ల తీస్తోంది.

"అత్తయ్యా, ఆ పెట్టె ఇలా ఇవ్వండి," అన్నాను.

అరవలేదు. ఆవిడ నా మొహం చూసి మారుమాట్లాడకుండా ఇచ్చేసింది. మీట కట్టాను. కిటికీ తీశాను. ఇద్దర్నీ చెరో చెయ్యీ పట్టుకుని వీధిలోకి లాక్కొచ్చాను. చలిలో చెప్పుల్లేకుండా నిలబడ్డారు.

"ఏమైందమ్మా?" అంది అమ్మాయి.

"నీకు వాసన రాలేదా?"

"ఏం వాసన?"

పదకొండేళ్ళ పిల్ల. నా ముక్కే వచ్చింది దానికి. పక్కింట్లో నారింజపండు వలిస్తే తన గదిలోంచి చెబుతుంది. సంచిలోంచి యంత్రం తీసి, గుమ్మం బయటే నొక్కి, చెయ్యి లోపలికి చాపాను. కిటికీ తీసిన తరవాత కూడా ముల్లు, మా మర గీతల లెక్కలోనే, ఇరవై రెండు మీద నిలబడింది. యంత్రం ఆపి మెట్టు మీద కూర్చున్నాను. ఇన్నాళ్ళూ నా ఒక్కదాని ముక్కే పోయిందనుకున్నాను. ఊరందరి ముక్కులూ నేనే కోసేశాను.

మా ఆయన వచ్చాక, పిల్లని మేడమీదికి పంపించి చెప్పాను. ఆయన కోటు విప్పకుండానే విన్నాడు.

"ఎన్ని వారాలు?"

"తొమ్మిది."

నన్ను కొట్టినా తిట్టినా బావుండేది. "ఫోన్లు రావట్లేదని నేను భయపడుతుంటే, పక్కనే కూర్చుని వింటున్నావు," అన్నాడు. మళ్ళీ తనే, "ఎల్లుండే బోర్డు మీటింగు. నాలుగొందల సంతకాలయ్యాయి. ఇప్పుడు ఇది చెప్పావనుకో, తప్పంతా నీ నెత్తిన రుద్ది వాళ్ళు చేతులు దులుపుకుంటారు. మహజరు చిత్తుకాగితం. రెండ్రోజులు ఓపిక పట్టు. మీటింగు కానీ."

"రెండ్రోజులు వంటలు మానేయమని ఊళ్ళో ఎవరికి చెబుతారు?"

అంతవరకూ చీర మడత పెడుతున్నట్టు నటిస్తూ వింటున్న అత్తయ్య, "నేనా పుల్ల గీసుంటేరా?" అంది కొడుకుతో. ఆ రాత్రి మా పొయ్యి వెలగలేదు.

తెల్లారగానే రెండో ముక్కుకి ఫోన్ చేశాను.

"మీ ఉద్యోగానికి ఇప్పుడు నా ముక్కు కావలసొచ్చిందా అక్కా?" అంది.

"అవునే. నాది పోయింది."

"వస్తున్నా," అంది.

గేటు దగ్గర సంగతి బాబాయ్ చూసుకున్నాడు. ఆ అమ్మాయి గోడవైపు తిరిగి గరాటులో ముక్కు పెట్టింది. బాబాయ్ మర తిప్పాడు. ఆరు దాటింది. పది దాటింది. పద్నాలుగు దగ్గర బాబాయ్ నా వంక చూశాడు. పంతొమ్మిది, ఇరవై. ఆ పిల్ల కదల్లేదు. ఇరవై నాలుగు దగ్గర చెయ్యెత్తింది.

పుస్తకం నేనే లాక్కుని రాశాను. 'ఇరవై నాలుగు. దీనికి ముందు తొమ్మిది వారాల అంకెలు అబద్ధం. నాకు వాసన రావడం లేదు.' సంతకం పెట్టాను. కానీ పుస్తకం మాయమైపోవచ్చు. ఎండీ గారి గదికి తీసుకెళితే తలుపు వేసుకుని మాట్లాడదామంటారు. గోడ మీద ఫోను తీసి, ఊళ్ళో జనం చేసే నంబరుకే చేశాను.

"గ్యాసు లీకు విభాగం. చెప్పండి." మా ఆయన గొంతు.

"మా ఇంట్లో నిన్న సాయంత్రం గ్యాసు లీకైందండీ," అన్నాను.

ఫోను పెట్టేస్తాడనుకున్నాను. తప్పు నంబరు అని రాసుకుంటే సరిపోతుంది. వెనక ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు వినబడింది.

"మీకు వాసన ఎప్పటినుంచి వస్తోంది?" అన్నాడు.

"రావడం లేదండీ. తొమ్మిది వారాల నించీ."

కలం గీసుకుంటున్న చప్పుడు. ఒక్కో అక్షరం రాస్తున్నాడు.

"ఇంట్లో ఎవరెవరున్నారు?"

"మా అత్తగారు. మా అమ్మాయి."

"అందరూ..." కలం చప్పుడు ఆగింది. "అందరూ బయటికొచ్చారా?"

"వచ్చారండీ," అన్నాను.

ఆ సాయంత్రానికే తనిఖీ ఆఫీసు వాళ్ళొచ్చి పాత కొలతకే కంపు కలిపించారు. మూడు రోజులు ఫోన్ల గదిలో ఫోను కింద పెట్టడానికి లేకపోయింది. నూట డెబ్భై లీకులు బయటపడ్డాయి. అందులో ఒకటి మా అమ్మాయి బడి మెట్ల కింద. తీసేసిన వాళ్ళని కబురు పెట్టి మరీ పిలిపించారు.

మా ఆయన చెప్పినట్టే జరిగింది కూడా. 'ఒక ఉద్యోగిని చేసిన మోసం' అని కంపెనీ నోటీసు అంటించింది. కంపు ఎందుకు తగ్గించారో అందులో ఒక్క ముక్క లేదు. నన్ను తీసేశారు. సరైన పనే. నా సామాను తెచ్చుకోడానికి వెళితే, భోజనాల గదిలో కొందరు నన్ను చూసి ముక్కున వేలేసుకున్నారు, కొందరు మొహం తిప్పుకున్నారు. మహజరు బోర్డు దాకా వెళ్ళనే లేదు. చలి తగ్గకముందే ఫండు వాళ్ళు వాటాలు మంచి ధరకి అమ్ముకుని వెళ్ళిపోయారు. ఎండీ గారు ఇప్పటికీ ఎండీ గారే. ఒకసారి వీధిలో ఎదురుపడితే తలవంచుకుని పోయారు. వాళ్ళ మీద కోపం నాకు ఇంకా చల్లారలేదు, కానీ ఎంత తిట్టుకున్నా చివరికి ఆ పుస్తకంలో సంతకం నాదే.

వాసన ఇంకా రాలేదు. డాక్టరు రావచ్చు అంటాడు, రాకపోవచ్చు అంటాడు.

ఇప్పుడు మా ఇంట్లో పొద్దున్నే పొయ్యి వెలిగించే ముందు ఒక పని ఉంది. మా ఆయన మీట రెప్పపాటు తిప్పి కట్టేస్తాడు. మేం ముగ్గురం గోడవైపు తిరిగి నిలబడతాం. ముందు మా అమ్మాయి చెయ్యి లేస్తుంది, వెనకే అత్తయ్యది. తరవాత ముగ్గురూ నావైపు చూస్తారు. మీట చప్పుడు నాకు వినబడుతూనే ఉంటుంది, ఎప్పుడు ఎత్తాలో తెలుస్తూనే ఉంటుంది.

"ఇవాళ?" అంటాడు మా ఆయన.

"లేదు," అంటాను, చెయ్యి దించుకునే.

కిటికీ కాసేపు తెరిచి ఉంచి, అప్పుడు అత్తయ్య అగ్గిపుల్ల గీస్తుంది.